జాన్ వేన్ తొలి పదేళ్లు: నటన రాలేదా, మనం చూసిన ప్రింటే వేరా?

1930లో విడుదలైన అమెరికన్ సినిమాల కాపీరైట్ గడువు 95 ఏళ్లు పూర్తయి 2025 డిసెంబరుతో ముగిసింది. 2026 జనవరి 1 నుంచి వాటిని అమెరికాలో ఎవరైనా ప్రదర్శించవచ్చు, పంచుకోవచ్చు, ముక్కలుగా కత్తిరించి చూపించనూ వచ్చు. ఆ జాబితాలో రౌల్ వాల్ష్ దర్శకత్వం వహించిన ‘ది బిగ్ ట్రెయిల్’ కూడా ఉంది. బండ్లలో పశ్చిమానికి వలసపోయే జనం కథ. తర్వాతి కాలంలో హాలీవుడ్‌లో పెద్ద తార అయిన జాన్ వేన్ మొదటిసారి కథానాయకుడిగా నటించిన చిత్రం అది. అప్పటికి ఆయనకు 23 ఏళ్లు. పాత సినిమాలు చేతికి అందుతున్న కొద్దీ ఆయన గురించిన పాత తగవు మళ్లీ తలెత్తుతోంది. 1939లో జాన్ ఫోర్డ్ ‘స్టేజ్‌కోచ్’ తీసేదాకా వేన్‌కు నటన రాదని ఒక పక్షం అంటుంది. ఆయన మొదటి నుంచీ అంతటి నటుడేనని, పరిశ్రమే గుర్తించలేదని రెండో పక్షం అంటుంది. అయితే ఈ రెండు పక్షాల వాళ్లూ ఒకే సినిమాను చూసి మాట్లాడుతున్నారా అన్నది ముందుగా తేల్చుకోవాలి. ఎందుకంటే ‘ది బిగ్ ట్రెయిల్’ అనే పేరుతో తయారైనవి నిజంగానే రెండు సినిమాలు.

తగవులో కలిసిపోయిన మూడు మాటలు

ఒక నటుడి తొలినాటి పనిని మళ్లీ బేరీజు వేయడాన్ని విమర్శకులు పునర్మూల్యాంకనం అంటారు. పాత తీర్పును తలకిందులు చేయడమే దాని పని అనుకుంటారు చాలామంది. నిజానికి ఆ తీర్పు ఏ సాక్ష్యం మీద నిలబడిందో తిరిగి చూడడమే పునర్మూల్యాంకనం. చూసిన తర్వాత పాత మాటే సరైనదని తేలవచ్చు కూడా.

వేన్ విషయంలో ఈ పని కష్టం కావడానికి కారణం, మూడు వేర్వేరు సంగతులను ఒకే మాటలో కలిపేయడం. మొదటిది నటన: ఒక సన్నివేశంలో, ఒక పాత్రగా, ఎదుటివారి మాటకూ చేతకూ నటుడు ఎలా స్పందించాడన్నది. రెండోది తెర వ్యక్తిత్వం: సినిమా తర్వాత సినిమాలో ప్రేక్షకుడు గుర్తుపట్టే నడక, గొంతు, నిలబడే తీరు, మంచిచెడ్డలపై ఆ మనిషి వైఖరి. మూడోది తారాస్థాయి: టికెట్లు తెగడం, పెద్ద స్టూడియోలు వెంటపడడం. 1930లో వేన్‌కు దక్కనిది మూడోది. రెండోది అప్పటికి సగమే తయారైంది. ఈ రెండు లోటులనూ కలిపి మొదటిదాని ఖాతాలో వేయడం వల్లే ‘నటన రాదు’ అన్న మాట స్థిరపడింది.

సామాను మోసిన కుర్రవాడి కథలో నిజమెంత

అయోవా రాష్ట్రంలోని వింటర్‌సెట్‌లో 1907 మే 26న పుట్టిన ఆయన అసలు పేరు మేరియన్ మారిసన్. కుటుంబం కాలిఫోర్నియాకు తరలింది. సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడుతూ చదువుకుంటున్న రోజుల్లో ఫాక్స్ స్టూడియోలో సెట్ సామాను సర్దే పనికి కుదిరాడు. గాయం వల్ల ఆట పోయింది, దానితోపాటు చదువూ ఆగింది. స్టూడియో పని మిగిలింది. జాన్ ఫోర్డ్ సినిమాల్లో గుంపులో ఒకడిగా కనిపించడం అప్పుడే మొదలైంది. 1928 నాటి ‘హ్యాంగ్‌మన్స్ హౌస్’లో గుర్రప్పందెం చూస్తున్న జనంలో ఒక పొడుగాటి కుర్రవాడు ఉత్సాహం పట్టలేక ముందున్న కంచెను విరగ్గొట్టేస్తాడు. ఆ కుర్రవాడు వేనే. కొన్ని క్షణాలు మాత్రమే ఉండే ఆ షాట్‌లో చూపు నేరుగా అతని మీదికే పోతుంది.

స్టూడియోలో సామాను మోస్తున్న అతన్ని చూసి వాల్ష్ పెద్ద సినిమాకు ఎంచుకున్నాడన్న కథ అందరికీ తెలిసిందే. జాన్ వేన్ అన్న పేరు కూడా అప్పుడు స్టూడియో పెట్టినదే. ఆ తర్వాత చెప్పుకునే భాగంతోనే చిక్కు. సినిమా పోయింది కాబట్టి నటుడు విఫలమయ్యాడని, విమర్శకులు అతన్ని తిప్పికొట్టారని చాలా చోట్ల రాస్తారు. కానీ 1930 అక్టోబరులో ‘ది న్యూయార్క్ టైమ్స్’ సమీక్ష వేన్ నటన సహజంగా, హాయిగా ఉందనే మెచ్చుకుంది. సినిమా ఎందుకు పోయిందో తెలుసుకోవాలంటే నటుడి ముఖం దగ్గర ఆగకుండా సినిమా హాళ్ల గోడల దాకా వెళ్లాలి.

రెండు కెమెరాలు, రెండు సినిమాలు

ఫాక్స్ సంస్థ ఆ రోజుల్లో ‘గ్రాండర్’ అనే 70 మిల్లీమీటర్ల ఫిల్మ్ పద్ధతిని తెచ్చింది. మామూలు 35 మిల్లీమీటర్ల ఫిల్మ్‌కు అది రెట్టింపు వెడల్పు. దానికి వెడల్పాటి తెర కావాలి, ప్రత్యేకమైన ప్రొజెక్టరు కావాలి. థియేటర్ యజమానులు అప్పుడప్పుడే టాకీల కోసం స్పీకర్లు బిగించి, ఆ అప్పు ఇంకా తీర్చుకుంటున్నారు. 1929 అక్టోబరులో స్టాక్ మార్కెట్ కూలి ఆర్థిక మాంద్యం మొదలైంది. మళ్లీ కొత్త తెరకు డబ్బు పెట్టేవారెవరు? చివరికి ‘ది బిగ్ ట్రెయిల్’ను వెడల్పు తెర మీద చూపించింది లాస్ ఏంజెలెస్‌లోని గ్రామన్స్ చైనీస్, న్యూయార్క్‌లోని రాక్సీ అనే రెండు థియేటర్లే. మిగతా దేశమంతా 35 మిల్లీమీటర్ల ప్రింటునే చూసింది.

ఆ 35 మిల్లీమీటర్ల ప్రింటును 70 మిల్లీమీటర్ల దాన్నుంచి చిన్నదిగా చేసి తీయలేదు. రెండింటినీ విడివిడిగా చిత్రీకరించారు. వెడల్పు ఫిల్మ్‌కు ఆర్థర్ ఎడెసన్, మామూలు ఫిల్మ్‌కు లూసియన్ ఆండ్రియో ఛాయాగ్రాహకులు. కొన్నిచోట్ల రెండు కెమెరాలను పక్కపక్కన పెట్టారు, కొన్నిచోట్ల అదే సన్నివేశాన్ని రెండోసారి నటింపజేశారు. అంతటితో ఆగక జర్మన్, ఫ్రెంచ్, స్పానిష్, ఇటాలియన్ భాషల కోసం వేరే నటులతో వేరే రూపాలు కూడా తీశారు. డబ్బింగ్ ఇంకా కుదురుకోని కాలం కాబట్టి అలా చేయాల్సి వచ్చింది.

వెడల్పు తెర రూపం నిడివి దాదాపు రెండు గంటలు. అందులో వాల్ష్ మనుషులను దూరం నుంచి చూపిస్తాడు. ఫ్రేమ్ నిండా గూడుబండ్లు, ఎడ్లు, దుమ్ము, వంటపొయ్యిలు, పిల్లలు ఉంటాయి. కొండ అంచు నుంచి బండ్లను తాళ్లు కట్టి కిందికి దించే ఘట్టంలో వేన్ ఆ పనిలో ఉన్న పదిమందిలో ఒకడు. అయినా కన్ను అతన్నే పట్టుకుంటుంది. పొడవు ఒక్కటే కారణం కాదు. తాడు లాగేటప్పుడు, గుర్రం దిగేటప్పుడు, బండి చక్రం మీద చేయి ఆనించి నిలబడేటప్పుడు అతని శరీరంలో తొందర ఉండదు. ఆ పనులు తెలిసిన మనిషి చేస్తున్నట్టే ఉంటాయి. 35 మిల్లీమీటర్ల రూపం పావుగంట దాకా చిన్నది, కెమెరా దగ్గరికి జరిగింది. దగ్గరికి జరిగిన కొద్దీ శరీరం ఫ్రేమ్ నుంచి తప్పుకుని ముఖమూ మాటా మిగులుతాయి. వేన్ అప్పటికి ఇంకా పట్టు సాధించనివి సరిగ్గా ఆ రెండే.

గ్రాండర్ నెగటివ్ కాలక్రమంలో కుంచించుకుపోయి, మామూలు యంత్రాల్లో నడవని స్థితికి వచ్చింది. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ పూనుకుని 1980లలో దాన్ని ఒక్కో ఫ్రేమ్ చొప్పున కొత్త ఫిల్మ్ మీదికి ఎక్కించింది. అంటే, వేన్ తొలి నటన గురించి యాభై ఏళ్లపాటు రాసినవారిలో దాదాపు అందరూ అతన్ని తక్కువగా చూపించే రూపాన్నే చూసి రాశారు. వారిది పక్షపాతం అనలేం; వారికి దొరికిన సాక్ష్యం అంతే. 2006లో అమెరికా జాతీయ చలనచిత్ర భాండాగారం జాబితాలో ఈ సినిమాకు చోటు దక్కే నాటికి, చూడదగిన సాక్ష్యమే మారిపోయింది.

నాటకపు గొంతు పక్కన మామూలు గొంతు

ఈ సినిమాలో బండ్ల నాయకుడు రెడ్ ఫ్లాక్‌గా నటించిన టైరోన్ పవర్ సీనియర్ రంగస్థలం మీద పేరు మోసిన నటుడు. ఆయన మాట్లాడిన ఏకైక సినిమా ఇదే. 1931లో ఆయన చనిపోయాడు. గొంతు లోతుల నుంచి బొంగురుగా తెచ్చి, ప్రతి మాటనూ చివరి వరుస ప్రేక్షకుడి దాకా విసురుతాడు. 1930 నాటి ప్రేక్షకుడికి ‘నటన’ అంటే అదే. మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’లో సురభి నటులు పద్యం ఎత్తుకున్న తీరును తలచుకుంటే, కొత్తగా వచ్చిన మైకు ముందు పాత నాటకశాల ఎలా నిలబడిందో తెలుగువారికి సులువుగా అర్థమవుతుంది. తొలి టాకీల్లో అన్ని దేశాలకూ ఎదురైన చిక్కే ఇది.

స్టూడియో వేన్‌కు రంగస్థలం నుంచి వచ్చిన ఒక శిక్షకుడిని పెట్టింది. చేతులు ఊపడం, అక్షరాలు సాగదీయడం నేర్పబోయారని, తనకు అది ఒంటబట్టక వదిలేశానని వేన్ తర్వాతి కాలంలో చెప్పుకున్నాడు. ఫలితం తెర మీద కనిపిస్తుంది. పవర్, వేన్ ఎదురెదురుగా నిలబడిన సన్నివేశాల్లో ఒకరు నాటకంలో ఉన్నట్టు, ఇంకొకరు పొరుగు ఊరి నుంచి అప్పుడే వచ్చినట్టు ఉంటారు. నాటకపు కొలబద్దతో కొలిస్తే వేన్ చప్పగా ఉన్నాడు. సినిమా కొలబద్దతో కొలిస్తే పాతబడిపోయింది పవర్ నటనే. కాలం ఎటు నడిచిందో తెలిసిన మనకు రెండో తీర్పు చెప్పడం తేలిక. అయితే ఆ తీర్పును కూడా అనుమానంతోనే చూడాలి. వేన్ నాటకీయతను కావాలని వద్దనుకున్నాడా, లేక అది చేతకాలేదా అన్నది తెర మీద ఒకేలా కనిపిస్తుంది.

ఒకే కల, రెండు రకాల మాటలు

దీన్ని విడదీసి చూడడానికి ఒక మంచి అవకాశం ఉంది. ‘ది బిగ్ ట్రెయిల్’లోనూ ‘స్టేజ్‌కోచ్’లోనూ వేన్ పాత్ర తాను ప్రేమించిన స్త్రీతో ఎక్కడ బతకాలనుకుంటున్నాడో చెబుతుంది. నటుడు ఒకడే, సందర్భం దాదాపు ఒకటే, మధ్యలో తొమ్మిదేళ్లు.

1930లో వేన్ పాత్ర బ్రెక్ కోల్‌మన్ ఉత్తరాన తాను చూసిన లోయ గురించి కథానాయిక రూత్‌కు వర్ణిస్తాడు. పైన్ చెట్లు స్వర్గద్వారాలను అందుకోవడానికి చేతులు చాస్తున్నట్టు పైకి పైకి పోతుంటాయని, వాగుల్లో నీళ్లు నవ్వుతుంటాయని అంటాడు. ఆ డైలాగులో ఉపమానం మీద ఉపమానం వచ్చి పడుతుంది. వేన్ వాటిని తప్పుల్లేకుండా, ఒకే ఎత్తులో, కొంచెం తొందరగా చెబుతాడు. కళ్లు మాత్రం ఆ లోయను చూస్తున్నట్టు ఉండవు. తర్వాతి వాక్యం కోసం చూస్తున్నట్టు ఉంటాయి. మంచులో బండ్లు ఆగిపోయి జనం వెనక్కి తిరుగుదామన్నప్పుడు అతను చేసే ఉపన్యాసంలోనూ ఇదే లోటు. గొంతు పెరుగుతుంది, ఊపిరి మాత్రం దానికి తగ్గట్టు కుదరదు.

1939లో, గుర్రపు బండి ప్రయాణికుల కథ అయిన ‘స్టేజ్‌కోచ్’లో, వేన్ పాత్ర రింగో కిడ్ రాత్రివేళ కంచె పక్కన నిలబడి, సరిహద్దు అవతల తనకో పొలం ఉందని తోటి ప్రయాణికురాలు డాలస్‌తో చెబుతాడు. మంచి చోటని అంటాడు. అక్కడ ఏమున్నాయంటే చెట్లు, గడ్డి, నీళ్లు. సగం కట్టిన ఒక గుడిసె. ఒక మగవాడు బతకవచ్చంటాడు. కాస్త ఆగి, ఒక ఆడమనిషి కూడా అంటాడు. ఉపమానం ఒక్కటీ లేదు. ఆ ఆగడంలో ఒక యువకుడి బిడియమూ, నమ్మకమూ, జైలు నుంచి తప్పించుకుని వచ్చిన తనకు ఈ మాట అనే అర్హత ఉందా అన్న తటపటాయింపూ ఉన్నాయి.

రెండోది ఎంతో మెరుగైన నటన అనడంలో సందేహం లేదు. కానీ అందులో ఎంత భాగం నటుడిది? డడ్లీ నికోల్స్ రాసిన ఆ మాటలు ముందే ఆరబెట్టి, బరువు తగ్గించి ఇచ్చినవి. స్వర్గద్వారాల పైన్ చెట్లను ఏ నటుడు సహజంగా పలికేవాడు? అనుభవం ఉన్నవాడైతే ఆ మాటల్లో కొన్ని కొట్టేయమని అడిగి ఉండేవాడు. 23 ఏళ్ల వాడికి అలా అడిగే చనువూ లేదు, అడగాలన్న తెలివీ రాలేదు. అందుకే 1930 నటనలోని లోటును లేని లోటుగా చెప్పడం నాకు సమ్మతం కాదు. ఆ లోటు ఉంది. అది డైలాగు దగ్గర, దగ్గరి షాట్‌లో, ఉపన్యాసం చేయాల్సి వచ్చినప్పుడు ఉంది. మిగతా చోట్ల లేదు.

అరవై సినిమాల బడి

‘ది బిగ్ ట్రెయిల్’కూ ‘స్టేజ్‌కోచ్’కూ మధ్య వేన్ అరవై సినిమాల దాకా చేశాడు. పాత కథ ఈ కాలాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తుంది. పునర్మూల్యాంకనంలో అన్నింటికన్నా సారమున్న నేల ఇదే అయినా, తవ్వేవాళ్లు తక్కువ.

పతనం ఎంత నిట్టనిలువుగా ఉందో ఒక ఉదాహరణ చెబుతుంది. ‘ది బిగ్ ట్రెయిల్’లో ఇయన్ కీత్ ప్రతినాయకుల్లో ఒకడు. మరుసటి ఏడాది కొలంబియా సంస్థ తీసిన ‘ది డిసీవర్’లో కీత్ పాత్ర చనిపోయాక, శవంగా పడుకోవడానికి కీత్ బదులు తెచ్చింది వేన్‌ను. నిరుడు తనకు ఎదురు నిలిచిన ప్రతినాయకుడికి ఈ ఏడు తాను శవంగా డూపు. 1933 నాటి ‘బేబీ ఫేస్’లో బార్బరా స్టాన్‌విక్ పక్కన సూటు తొడుక్కున్న బ్యాంకు గుమస్తాగా కనిపిస్తాడు. ఆమె నిచ్చెన ఎక్కుతూ అడుగున వదిలేసే మెట్లలో అతనొక మెట్టు. ఆ చిన్న పాత్రలో వేన్ మర్యాదగా ఉన్నాడు, అంతకుమించి ఏమీ లేడు. గుర్రం, తాడు, ఆరుబయలు లేనిచోట ఆ శరీరానికి పని దొరకలేదు. ‘మొదటి నుంచీ గొప్ప నటుడే’ అనేవారు జవాబు చెప్పాల్సిన సాక్ష్యాల్లో ఇదొకటి.

ఇక బి-సినిమాలు. మాంద్యం రోజుల్లో ప్రేక్షకుణ్ని రప్పించడానికి థియేటర్లు ఒకే టికెట్టు మీద రెండు సినిమాలు చూపించేవి. మొదటిది పెద్ద తారలది. రెండోది గంటలోపు నిడివితో, కొద్ది రోజుల్లో, కొద్ది డబ్బుతో తీసేది. దాన్నే బి-సినిమా అనేవారు. వార్నర్ సంస్థ 1932-33లో వేన్‌తో తీసిన ఆరు వెస్టర్న్‌లు (అమెరికా పశ్చిమ ప్రాంతపు గుర్రపు రౌతుల కథలు) కెన్ మేనార్డ్ నటించిన మూకీల పాత ఫుటేజీని కలుపుకుని తయారైనవే. వేన్ ముఖానికి దగ్గరి షాట్లు కొత్తగా తీసి, గుర్రాల పరుగులు పాతవి అతికించారు. 1933 నుంచి 1935 వరకు లోన్ స్టార్ సంస్థ ఆయనతో 16 సినిమాలు తీసి మోనోగ్రామ్ ద్వారా విడుదల చేసింది. వాటిలో మొదటిదైన ‘రైడర్స్ ఆఫ్ డెస్టినీ’లో ఆయన పాడుతూ వచ్చి తుపాకీ కాల్చే సింగిన్ శాండీ. పాట ఇంకొకరు పాడారు. పెదవి కదపడం మాత్రం వేన్ వంతు. ఆ ఇబ్బంది ఇప్పటికీ తెర మీద కనబడుతుంది.

ఈ సినిమాలను నటన కోసం చూడమంటే ఎవరికైనా కష్టమే. కథలు ఒకే మూసవి, మాటలు సమాచారం చేరవేయడానికే. కానీ ఒకే మూసలో మళ్లీ మళ్లీ చేయడమే అక్కడ శిక్షణ. వాటిలో వేన్ పక్కన తరచుగా కనిపించే యాకిమా కెనట్ రోడియోల (గుర్రపు స్వారీ పోటీల) నుంచి వచ్చిన అసలైన గుర్రపు రౌతు, స్టంట్ మనిషి. అతను నడిచే తీరును, కోపం వచ్చినప్పుడు గొంతు పెంచకుండా తగ్గించి మాట్లాడే తీరును వేన్ గమనించి తనవి చేసుకున్నాడు. దీన్ని వేనే ఒప్పుకున్నాడు.

వాళ్లిద్దరూ కలిసి సాధించినదాన్ని ఒక దెబ్బలాట సన్నివేశంలో చూడవచ్చు. అంతకుముందు తెర మీది ఫైట్లలో నటులు దెబ్బను భుజం మీదికి తోసి సర్దుకునేవారు, లేదంటే నిజంగానే తగిలించుకునేవారు. దర్శకుడు రాబర్ట్ బ్రాడ్‌బరీ, కెనట్, వేన్ కలిసి కెమెరాను ఒకరి భుజం వెనక పెట్టే పద్ధతిని మెరుగుపరిచారు. పిడికిలి గడ్డం ముందు నుంచి కొన్ని అంగుళాల ఖాళీలో దాటిపోతుంది. కెమెరా ఉన్న వైపు నుంచి ఆ ఖాళీ కనిపించదు. కొట్టినవాడి చేయి ఎంత వేగంగా పోయిందన్నదాని కన్నా, తగిలినవాడి తల ఏ క్షణంలో వెనక్కి పోయిందన్నదే దెబ్బకు నమ్మకం తెస్తుంది. అంటే ఎదుటివాడి కదలికను కనిపెట్టి, సరిగ్గా ఆ క్షణానికే కదలడం నేర్చుకోవాలి. నటనలో స్పందన అనేదాన్ని వేన్ ముందు గడ్డంతో నేర్చుకున్నాడు, తర్వాత కళ్లతో.

మాటలోనూ మార్పు వినిపిస్తుంది. 1935 తర్వాత రిపబ్లిక్ సంస్థ సినిమాల్లో వాక్యాన్ని మధ్యలో ఆపి, ఊపిరి తీసుకుని పూర్తి చేసే అలవాటు మెల్లగా కుదురుకుంటుంది. 1936-37లో యూనివర్సల్ సంస్థ ఆయన్ని వెస్టర్న్‌ల నుంచి తప్పించి వేరే వృత్తుల పాత్రల్లో ఆరు సినిమాల్లో పెట్టింది; అవి నడవలేదు. తిరిగి గుర్రం మీదికే రావాల్సి వచ్చింది. పెద్ద నగరాల విమర్శకులకు ఈ పనంతా కనబడలేదు. చిన్న పట్టణాల్లో శనివారం మ్యాట్నీలకు పోయే పిల్లలకు మాత్రం ఆయన ‘స్టేజ్‌కోచ్’ రాకముందే బాగా తెలిసిన మనిషి. అనామకుడు ఒక్క రాత్రిలో తార అయ్యాడన్న మాట ఈ ప్రేక్షకులను లెక్కలోకి తీసుకోదు.

ఫోర్డ్ ఇచ్చిందేమిటి

‘స్టేజ్‌కోచ్’ టైటిల్స్‌లో మొదటి పేరు వేన్‌ది కాదు, క్లేర్ ట్రెవర్‌ది. రింగో కథలో ఆలస్యంగా వస్తాడు. ఒక చేత్తో జీను పట్టుకుని, రెండో చేత్తో రైఫిల్‌ను గిర్రున తిప్పి ఆపుతుండగా కెమెరా వేగంగా అతని ముఖం మీదికి దూసుకొస్తుంది. ఎంత వేగంగా అంటే, మధ్యలో ఒక క్షణం బొమ్మ మసకబారుతుంది. ఆ షాట్‌ను తారను ప్రకటించిన షాట్‌గా చెప్పుకుంటారు; అది ఫోర్డ్ పనితనం. అందులో వేన్ చేయాల్సింది కదలకుండా నిలబడడమే.

నటన చూడాలంటే డ్రై ఫోర్క్ మజిలీలోని భోజనాల బల్ల దగ్గరికి వెళ్లాలి. ఊరి నుంచి వెలివేసి పంపిన డాలస్‌ను రింగో మర్యాదగా బల్ల దగ్గర కూర్చోబెడతాడు. ఎదుట ఉన్న సైనికాధికారి భార్య లూసీ చూపు గట్టిపడుతుంది. తోటి ప్రయాణికుడు హాట్‌ఫీల్డ్ లూసీని కిటికీ దగ్గరి చోటుకు పిలుస్తాడు. ఆమె లేచి వెళ్లిపోతుంది. బ్యాంకు యజమానీ లేస్తాడు. బల్ల ఒక వైపు ఖాళీ అవుతుంది. రింగో ఆ లేచినవాళ్లను చూస్తాడు, తన పళ్లెం వైపు చూస్తాడు, తాను జైలు నుంచి పారిపోయి వచ్చినవాడిని కాబట్టే వాళ్లు లేచారని అనుకుంటాడు. తానే లేచి పోబోతాడు. అవమానం తనది కాదని, పక్కనున్న స్త్రీదని అతనికి తట్టదు. ప్రేక్షకుడికి తెలుసు, డాలస్‌కు తెలుసు. ఆ తెలియకపోవడాన్ని తెలివితక్కువతనంగా కనబడకుండా మంచితనంగా చూపించడం చిన్న పని కాదు. వేన్ దాన్ని కళ్లను ఒకచోటి నుంచి ఇంకొకచోటికి నెమ్మదిగా కదపడం ద్వారా, దాదాపు మాటల్లేకుండా చేశాడు. 1930 నాటి వేన్ ఈ సన్నివేశాన్ని ఇలా చేయలేడని నా నమ్మకం.

ఫోర్డ్ డైలాగులు తగ్గించాడు, ఇతరులు మాట్లాడేటప్పుడు రింగో వినే షాట్లు పెంచాడు. అందువల్ల ఫోర్డే సృష్టించాడనే పక్షానికి బలం ఉంది. అయితే వినే షాట్లు ఇచ్చినంత మాత్రాన వినడం రాదు. లూసీ బిడ్డను ఎత్తుకుని డాలస్ బయటికి వచ్చినప్పుడు రింగో ఆమెను చూసే చూపులో, ఏమీ చేయకుండా ఉండే ధైర్యం ఉంది. కెమెరా ముందు ఏమీ చేయకుండా ఉండడానికి కొత్త నటులు భయపడతారు. ఆ భయం పోవడానికి వేన్‌కు తొమ్మిదేళ్లు పట్టింది. ఆ తొమ్మిదేళ్లూ ఫోర్డ్ సెట్‌లో గడిచినవి కావు.

మూడు వాదాలు, వాటి బలాలూ పరిమితులూ

మొదటి వాదం ఫోర్డ్‌ది పైచేయి అంటుంది. దానికి ‘స్టేజ్‌కోచ్’ చిత్రీకరణ, సంపాదకత్వం సాక్ష్యం. కానీ అదే ఏడాది, ఆ తర్వాతా ఫోర్డ్ లేని సినిమాల్లో వేన్ ఎందుకు నిలబడ్డాడో అది చెప్పలేదు. రెండో వాదం వాల్ష్ కనుగొన్న నటుడు అప్పటికే పూర్తిగా తయారైనవాడంటుంది. వెడల్పు తెర రూపం దానికి పెద్ద అండ. ఉపన్యాసాల ఘట్టాలు, ‘బేబీ ఫేస్’ గుమస్తా దానికి అడ్డు. మూడోది, అసలు ఇది నటనే కాదు, ఒకే మనిషి అన్ని సినిమాల్లోనూ తనలాగే ఉండడం అంటుంది. ఆ వాదాన్ని తేలిగ్గా తీసేయలేం; వేన్ కూడా తాను నటించనని, ఎదుటివారికి స్పందిస్తానని అనేవాడు. కానీ 1930 నాటి బ్రెక్, 1939 నాటి రింగో ఒకే మనిషి కారు. నడక మారింది, గొంతు మారింది, చూపు నిలిచే కాలం మారింది. ‘తనలాగే ఉండడం’ అనేది ఆ మనిషి నేర్చుకుని తయారుచేసుకున్నదైతే, దానికి నటన అన్న పేరు తప్ప ఇంకే పేరు పెడతాం?

నా మొగ్గు వీటి మధ్య చోటుకు. శరీరం 1930 నాటికే సిద్ధంగా ఉంది. మాట, మౌనం బి-సినిమాల్లో తయారయ్యాయి. వాటిని ఎక్కడ నిలబెట్టి చూపించాలో ఫోర్డ్‌కు తెలుసు.

చూసే కన్నుకు అడ్డుపడేవి

లోన్ స్టార్ సినిమాల్లో చాలావాటికి ఎప్పుడో కాపీరైట్ పోయింది. అందువల్ల అవి ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి, కానీ దొరికేవి ఎక్కువగా నకలుకు నకలుగా వచ్చిన ప్రింట్లు. ముఖాలు తెల్లగా పాలిపోయి కళ్లు కనబడవు. కొన్నింటికి తర్వాతి రోజుల్లో సింథసైజర్ సంగీతం అతికించారు, కొన్నింటికి రంగులద్దారు. కళ్లు కనబడని ప్రింటు చూసి నటుడి చూపు గురించి తీర్పు చెప్పడం న్యాయం కాదు.

ఇంకొక అడ్డు తర్వాతి జీవితం. నల్లజాతివారి గురించి, అమెరికా మూలవాసుల గురించి వేన్ 1971లో ఒక పత్రికకు ఇచ్చిన ఇంటర్వ్యూలో అన్న మాటలు ఆయన పేరు వెంట నేటికీ వస్తున్నాయి, రావడం సబబే. ‘స్టేజ్‌కోచ్’లో మూలవాసులైన అపాచీ తెగవారు ముఖాలూ మాటలూ లేని దాడిమూకగా మాత్రమే కనిపించడాన్ని కూడా ఏ అంచనా దాటవేయకూడదు. అయితే ఆ మాటలన్న 63 ఏళ్ల మనిషిని 23 ఏళ్ల నటుడి ముఖంలో వెతికితే, కోపంతో వెతికినా అభిమానంతో వెతికినా, తెర మీద లేనిది కనబడడం మొదలవుతుంది. పెద్ద తార కాబోతున్నాడని ముందే తెలిసి చూడడం కూడా అలాంటిదే. 1930 నాటి ప్రేక్షకుడికి బ్రెక్ కోల్‌మన్ ఒక కొత్త కుర్రవాడు మాత్రమే.

అలా చూడగలిగితే ‘ది బిగ్ ట్రెయిల్’ చివరి ఘట్టం వెడల్పు తెర మీద వేరేగా కనిపిస్తుంది. తన మిత్రుణ్ని చంపినవాళ్ల మీద పగ తీర్చుకుని బ్రెక్ మహావృక్షాల మధ్య రూత్ దగ్గరికి వస్తాడు. ఒక్కో మాను పదిమంది చేతులు చాచి పట్టుకున్నా అందనంత లావు. ఉపన్యాసం లేదు, ఉపమానం లేదు. ఆ కాండాల పక్కన అతను ఎంతో చిన్నగా ఉంటాడు, వచ్చే నడక మాత్రం దూరం నుంచే తెలుస్తుంది.